బంధుగాంలో రెండు రాత్రులు

1998 వేసవిలో నేను ఒక్కదాన్నే యూరప్ తిరిగాను. హోటళ్ళకు డబ్బు చాలక ‘సెర్వాస్’ అనే సంస్థలో చేరాను. మనుషులు ఒకరింట్లో ఒకరు ఉండి, కలిసి భోంచేస్తే మళ్ళీ యుద్ధాలు రాకుండా ఉంటాయన్న ఆశతో 1949లో డెన్మార్క్‌లో మొదలైన సంస్థ అది. పద్ధతి సులువే. సంస్థవారు ఒక పరిచయ పత్రం ఇస్తారు. ముందుగా ఉత్తరం వ్రాసుకుని, ఆ పత్రం పట్టుకుని వెళితే ఇంటివారు రెండు రాత్రులు ఆతిథ్యం ఇస్తారు. డబ్బు తీసుకోరు.

ఆర్హుస్ దగ్గర ఒక పల్లెలో నాకు చోటిచ్చిన పెద్దావిడ రెండోరోజు భోజనాల దగ్గర మాటవరసకు అడిగింది: “మీ ఊరి పక్కన కొండలున్నాయన్నావు కదా, నేను వస్తే ఆ కొండల్లో ఎవరింట్లో ఉండాలి?”

నాకు నోట మాట రాలేదు. మాది పార్వతీపురం. డాబా ఎక్కితే నీలంగా కనిపించే ఆ కొండల్లో నేను ఒక్క రాత్రి కూడా గడపలేదు. అక్కడ నాకు తెలిసిన గడప ఒక్కటీ లేదు. ఏం చెప్పాలో తోచక, మా నానమ్మ కథ ఒకటి చెప్పాను. సంతరోజున కొండలనుంచి వచ్చినవాళ్ళు మా వీధి అరుగుల మీద పడుకునేవారు. నానమ్మ వాళ్ళకు మజ్జిగ పోసేది. ఆవిడ విని ఎంతో సంతోషించింది. నేనూ గర్వపడ్డాను.

ఆవిడ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ బయలుదేరటానికి పాతికేళ్ళు పట్టింది. 2023 సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు బంధుగాం వెళతానన్నాను. “ఒక్కదానివేనా?” అని వదిన గుండెమీద చెయ్యి వేసుకుంది. నాన్నగారి స్నేహితులు, రిటైరైన మాష్టారు ఒకరు, “ఫలానా ఇంటికి వెళ్ళి నా పేరు చెప్పమ్మా, చాలు” అన్నారు. ఈసారి నా పరిచయ పత్రం అంతే.

బంధుగాం ఒడిశాలో, కోరాపుట్ జిల్లాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఆ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో, మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. 1992లో కోరాపుట్ నుంచి రాయగడ జిల్లా విడిపోయింది. గీతలు ఇన్నిసార్లు మారినా సంతదారి మాత్రం మారలేదు. అక్కడి అల్లం, చింతపండు పార్వతీపురానికి దిగుతూనే ఉన్నాయి. ఝంఝావతి కూడా ఆ కొండల నుంచే మనవైపు దిగి నాగావళిలో కలుస్తుంది.

జీపు దిగి, కొంత దూరం నడిచి ఆ పల్లె చేరాను. వీధికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు వరుసల ఇళ్ళు. ఆ ఇంటి తాత, మామ్మ కువి మాట్లాడే కొండవాళ్ళు. మాష్టారి పేరు చెప్పగానే తాత మంచం వాల్చాడు. “ఒక్కదానివే వచ్చినావేటి తల్లీ? మాష్టారు బాగున్నారా?” అన్నాడు. మామ్మ చోడి అంబలి తెచ్చింది. వాళ్ళకు ఉన్నదాంట్లో నేను భాగం పంచుకోవటం ఎందుకని, “ఇప్పుడే తిన్నాను మామ్మా” అన్నాను. అది నా మర్యాద.

మామ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తాత నవ్వుతూనే అన్నాడు: “కిందోళ్ళు ఎవులొచ్చినా ఇదే మాట సెప్తారు తల్లీ. ఇప్పుడే తినేసినామని.”

నాకు తల కొట్టేసినట్టయింది. డెన్మార్క్‌లో ‘వద్దు’ అంటే వద్దనే అర్థం. ఇక్కడ ఆ మాటకు తరాల చరిత్ర ఉంది. చేయి చాచి గిన్నె అందుకున్నాను. రాత్రి అడ్డాకుల విస్తట్లో సామ అన్నం, కందిపప్పు పెడితే మారు కూడా అడిగి తిన్నాను. అప్పటికి గాని మామ్మ నా పక్కన కూర్చోలేదు.

మనవరాలు ఏడో తరగతి. బడిలో ఒడియా, ఇంట్లో కువి, నాతో తెలుగు. కువీ తెలుగూ ద్రావిడ భాషల్లో ఒకే శాఖవని ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి పుస్తకాల్లో చదివాను. భాషలు ఏనాడో బంధువులే. మనుషులం మనమే ‘ఇప్పుడే తిన్నాం’ అంటూ దూరంగా నిలబడ్డాం.

కొండల మీద జనవరి చలి గట్టిది. నాకు మందపాటి బొంత ఇచ్చారు. తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే, ముగ్గురూ పొయ్యి దగ్గర ముడుచుకుని ఉన్నారు. ఇంట్లో ఉన్న మంచి బొంత అదొక్కటేనని అప్పుడు తెలిసింది.

రెండో రాత్రి తాత అడిగాడు: “మేమూ కిందకొస్తాం తల్లీ. సరుకు అమ్మేసరికి బండి తప్పిపోతే ఏ కొట్టు చూరు కిందో పడుకుంటాం. మీ ఇల్లు ఏ వీధి?”

డెన్మార్క్ పెద్దావిడ ప్రశ్నే అది, అటు తిరిగి వచ్చింది. నానమ్మ మజ్జిగ గుర్తొచ్చింది. నిజమే, పోసేది. దోసిట్లోకి, తాకకుండా ఎత్తునుంచి పోసేది. ఆ పడుకున్నవాళ్ళలో ఒక్కరూ మా గడప లోపలికి రాలేదు. ఆ సంగతి నేను ఆర్హుస్‌లో చెప్పలేదు. చెప్పకూడదని కాదు, చెప్పాలని తోచనే లేదు. ఇప్పుడు ఆ అరుగులు కూడా లేవు. ప్రహరీ, ఇనుప గేటు ఉన్నాయి.

తాతకు వీధి పేరు, ఇంటి గుర్తులు చెప్పి, అన్నయ్య ఫోను నంబరు కాగితం మీద వ్రాసి ఇచ్చాను. వచ్చేటప్పుడు డబ్బు ఇవ్వబోలేదు. దానితో తీరే బాకీ కాదని తెలిసిపోయింది.

ఇంటికి వచ్చి చెబితే అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. వదినే, “వస్తే రానివ్వండి, ఏమైంది?” అంది.

మరుసటి ఏడు వాళ్ళు వచ్చారు. మామ్మకు కంట్లో శుక్లం తీయించటానికి. వదిన హాల్లో పక్క వేసిందట, అందరితోపాటు కూర్చోబెట్టి వడ్డించిందట. రెండు రాత్రులు ఉండి, వెళుతూ ఒక సంచీ చోళ్ళు వదిలి వెళ్ళారట. ఫోనులో ఇవన్నీ చెప్పి వదిన చివరికి అడిగింది: “పిండి పట్టించాను గాని, అంబలి ఎలా కాస్తారు? నువ్వు తాగావుగా, నీకు తెలిసే ఉంటుంది.”