ఆ కొండ పేరు అడగకండి

ఆగస్టు చివరి ఆదివారం పొద్దున న్యూజెర్సీ ఉత్తరాన, కిటటిన్నీ కొండల వరుసలో ఒక బండకి ఎదురుగా రెండు గంటలు కూర్చున్నాను. బండ అంచున నాలుగు పాములు ఒకదాని మీద ఒకటి చుట్టచుట్టుకుని ఎండ కాచుకుంటున్నాయి. రెండు పసుప్పచ్చనివి, రెండు దాదాపు నల్లనివి. టింబర్ రాటిల్ స్నేక్‌లు. నాలుగూ కడుపుతో ఉన్నవే. మేమున్నంతసేపూ ఒక్కటీ గిలక ఆడించలేదు.

నన్ను తీసుకెళ్లినాయన రిటైరైన బయాలజీ టీచరు. కొండెక్కేముందే మూడు మాటలు చెప్పారు. దగ్గరికి వెళ్లకూడదు, రాయి కదపకూడదు, ఫోన్‌లో లొకేషన్ ఆపెయ్యాలి.

ఆ రాత్రి అమ్మకి ఫోన్లో చెబితే, "పాముల దగ్గర నీకేం పనే? బుద్ధుందా?" అని కేకలేసింది. ఆవిడ భయం ఉత్తది కాదు. తెనాలి దగ్గర మా ఊళ్లో, నా చిన్నప్పుడు, కోతలకొచ్చిన ఒక కూలిమనిషిని రక్తపింజర కరిస్తే ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుకి ఏడాదికి సగటున 58 వేల మంది బలయ్యారని అంచనా. అమెరికాలో అన్ని విషసర్పాలూ కలిపినా ఆ సగటు ఏడాదికి ఐదారే. అమ్మ భయాన్ని ఈ కొండకి మోసుకురావడం నాకు న్యాయం అనిపించలేదు.

రక్తపింజర లాగే ఇవీ గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. కానీ ఎంత నెమ్మదిగానో! ఇక్కడి చలిప్రాంతాల్లో ఆడపాము మొదటిసారి ఈనడానికి ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. ఆ తర్వాత కూడా మూడు నాలుగేళ్లకోసారే కాన్పు. కడుపుతో ఉన్న వేసవంతా దాదాపు తిండి మానేసి, ఇలా బండ మీద వేడికి పడుంటుంది. పిల్లలు పుట్టాక, అవి మొదటి కుబుసం విడిచేదాకా, వారం పదిరోజులు వాటి దగ్గరే ఉంటుంది. చలి మొదలయ్యాక ఆ పిల్లలు పెద్దపాముల వాసన పట్టుకుని నేలలోతు పగుళ్లలోకి చేరతాయి. మంచు గడ్డకట్టని లోతుకి దిగే పగులు అన్ని కొండలకీ ఉండదు. అందుకే తరాల తరబడి అవే స్థావరాలు.

చంపదలుచుకున్నవాళ్లకి ఇదే కలిసొచ్చింది. ఎక్కడ దొరుకుతాయో ఒకసారి తెలిస్తే ఏటా అక్కడికే పోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో 1971 దాకా రాటిల్ స్నేక్‌ని చంపితే బహుమానం ఇచ్చేవారు. మెయిన్, రోడ్ ఐలండ్ రాష్ట్రాల్లో ఈ పాము ఇప్పుడు లేనేలేదు. న్యూజెర్సీలో అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో ఉంది. నేను చూసిన నాలుగు తల్లుల్ని ఎవరైనా ఒక్క పూటలో కొట్టేస్తే, ఆ కొండ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. కోలుకుంటుందన్న నమ్మకం కూడా నాకు లేదు.

ఇవి తినేది ఎక్కువగా ఎలుకల్ని, చిన్న ఉడతల్ని. మన పిల్లలు పార్కు నుంచి రాగానే ఒళ్లంతా వెతికి చూసే గోమార్లు, లైమ్ జబ్బు అంటించేవి, పిల్లదశలో ఎక్కువగా పెరిగేది ఆ ఎలుకల ఒంటిమీద. ఈ ఒక్క లెక్క కోసమైనా అవి ఉండాలి. నాకైతే ఆ లెక్క లేకపోయినా ఉండాలి.

మనవాళ్లు ఈ కొండలకి హైకింగ్‌కి బాగానే వస్తున్నారు. గిలక శబ్దం వినబడితే అక్కడే ఆగి, అదెక్కడుందో చూసుకుని, వెనక్కి తగ్గండి. అది అడిగేది అంతే. పెరట్లో కనబడితే పిల్లల్ని లోపలికి పంపి, దూరం నుంచి ఒక కన్నేసి ఉంచి, రాష్ట్ర వన్యప్రాణి విభాగానికి ఫోన్ చెయ్యండి. దాన్ని చంపడం ఇక్కడ నేరం. ఫొటో తీస్తే దాచుకోండి, అమ్మకి పంపండి. కొండ పేరు మాత్రం ఎక్కడా పెట్టకండి.