మొదటి చూపులో మన సాక్ష్యము



మామిడి రైతు సరకు అమ్ముకొనే తీరు కొద్దికొద్దిగా మారుతున్నది. మా ఆగిరిపల్లి, నూజివీడు ప్రాంతములో బంగినపల్లి అయినా, చిన్నరసమైనా, కలెక్టరు కాయ అయినా పూత మీదనే తోట గుత్తకిచ్చుట, లేదా కాయ కోసి నున్న మార్కెట్టుకు తోలుట అలవాటు. ఇప్పటికీ ఎక్కువమంది చేసేది అదే. అయితే చదువుకున్న పిల్లలు కొందరు నేరుగా కొనేవారిని వెదకుతూ వ్యాపారుల పరిచయ సమావేశాలకు వెళ్తున్నారు. అమెరికాలో ఐవాన్ మైస్నర్ అనే ఆయన 1985లో బి.ఎన్.ఐ. పేరిట మొదలుపెట్టిన వారపు సమావేశముల పద్ధతి మన పట్టణాలకు కూడా వచ్చింది. హోటలు హాలులో ఒక్కొక్కరు లేచి, ఒక్క నిమిషములో తానెవరో, తన సరకేమిటో చెప్పాలి. తరువాత టీ త్రాగుతూ కార్డులు ఇచ్చి పుచ్చుకుంటారు. ఆ కాస్త సమయములోనే ఎదుటివారు మనలను తూచివేస్తారు.

మా సంఘములోని ఒక యౌవనస్థుడు అటువంటి సమావేశానికి విజయవాడ వెళ్తూ ప్రార్థన కొరకు మా వద్దకు వచ్చాడు. తండ్రి తోట గాక మరి నాలుగెకరాలు కౌలుకు పట్టాడు. కౌలు డబ్బు వడ్డీకి తెచ్చినదే. ఆ ఏడు పురుగు తగిలి చాలా కాయలకు మంగు పట్టింది. "అయ్యగారూ, ఏ చొక్కా వేసుకోమంటారు, ఏం మాట్లాడమంటారు?" అని అడిగాడు. ప్రక్కనే ఉన్న సంఘ పెద్ద ఒకరు, "దేవుడు చూసేది హృదయాన్నిరా అబ్బాయ్, చొక్కాను కాదు" అన్నారు. ఆ మాట సత్యమే. కాని హోటలులో కూర్చున్నవారు దేవుళ్ళు కారు గదా! వారికి ముందు కనబడేది చొక్కాయే.

యోసేపును చూడండి. ఫరో పిలిపించగా, చెరసాల నుండి తిన్నగా పరుగెత్తలేదు. క్షౌరము చేయించుకొని, బట్టలు మార్చుకొని వెళ్ళాడు (ఆది. 41:14). ఐగుప్తీయులు నున్నగా గీయించుకొనే జనము. వారి మధ్యకు వెళ్ళేటప్పుడు వారి మర్యాద పాటించుట వేషము కాదు. అయితే అదే యోసేపు, కలలకు భావము చెప్పగలవట గదా అని రాజు మెచ్చుకోగానే, అది నా వల్ల అయ్యేది కాదు, దేవుడే చెప్పాలి అన్నాడు. బట్ట మార్చాడు గాని గొప్ప చెప్పుకోలేదు. కనుక ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకోమనీ, వేళకు పది నిమిషాలు ముందే చేరుకోమనీ, ఎదుటివాని పేరు శ్రద్ధగా విని అదే పేరుతో పలకరించమనీ చెప్పాము.

చిక్కంతా మాదిరి కాయల దగ్గర వచ్చింది. "మచ్చలేనివే ఏరి పట్టుకెళ్తానండి. మంగు సంగతి అడిగితే చెప్తాను" అన్నాడు. బుట్టలో పై వరుస సంగతి మా ప్రాంతములో చంటిపిల్లవానికి కూడా తెలుసు: పైన నిగనిగలాడే కాయ, అడుగున దెబ్బకాయ. కార్బైడు పెట్టి పండించుట కూడా ఆ పై వరుసకు తమ్ముడే. తోలు పసుపు, లోపల పులుపు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దానిని నిషేధించాయి. మరి వడ్డీ పెరుగుతున్న కుర్రవానికి ఇదంతా చెప్పుట సులభమా? అతని తల్లి బయట అరుగు మీద కూర్చొని వింటున్నది.

యాకోబు మాట జ్ఞాపకము చేశాము. కరవులో కూడా ఆ వృద్ధుడు ఐగుప్తు అధికారికి తన దేశములోని శ్రేష్ఠమైన పంటనే కానుకగా పంపాడు. మంచివి ఏరుట తప్పు కాదు. అయితే వాటితో కూడా, గోనెల మూతిలో దొరికిన డబ్బును తిరిగి పట్టుకుపొమ్మన్నాడు (ఆది. 43:11, 12). అడిగేవరకు ఆగమనలేదు. "పది మంచి కాయలతో రెండు మంగు కాయలు కూడా బల్ల మీద పెట్టు బాబూ. మచ్చ తోలుకే గాని రుచికి లోటు లేదని కోసి చూపించు" అన్నాము. అతడు ఒప్పుకొన్నట్లు లేదు. తల మాత్రము ఊపాడు.

అతడు వ్రాసుకొన్న కాగితములో మొదటి మాట "ఆసియాలోనే శ్రేష్ఠమైన" అని ఉన్నది. షికాగోలో హెర్బర్ట్ టేలర్ అనే విశ్వాసి దివాలాకు చేరిన వంటపాత్రల కంపెనీని చేతికి తీసుకొని, 1932లో ప్రార్థనాపూర్వకముగా నాలుగు ప్రశ్నలు వ్రాసుకొన్నాడు. మొదటిది, ఇది సత్యమేనా అని. ఆ ప్రశ్న ముందు నిలువలేక కంపెనీ ప్రకటనలలోని "అన్నిటికన్నా శ్రేష్ఠము" వంటి మాటలన్నీ ఎగిరిపోయాయి. కంపెనీ మాత్రము నిలిచింది. తరువాత రోటరీవారు ఆ ప్రశ్నలను తమవిగా చేసికొన్నారు. ఇది చెప్పగానే కుర్రవాడు నవ్వి, ఆసియాను కొట్టివేసి ఊరి పేరు వ్రాశాడు.

ఇంకొక్క మాట. బంగారపు ఉంగరమువానికి మంచి చోటు, బీదవానికి నేల అనే దోషము అపొస్తలుడైన యాకోబు నాటి సంఘములో మాత్రమే కాదు, ఈ సమావేశాలలోనూ ఉన్నది. (మన ఆరాధనలలో లేదా అని అడుగకండి!) అందరు పెద్ద ఎగుమతిదారు చుట్టే మూగుతారట. మావాడు అక్కడ చోటు దొరకక, వెనుక వరుసలో ఒంటరిగా టీ త్రాగుతున్న ఒకాయన ప్రక్కన కూర్చున్నాడు. ఆయన హాస్టళ్ళకు పండ్లు, కూరగాయలు వేసేవాడు. మంగు కాయను చేత పట్టుకొని, "ఇది ఎందుకు తెచ్చావయ్యా?" అని అడిగాడట.

ఆ రోజు ఒక్క బేరమూ కుదరలేదు. తొమ్మిది రోజులకు ఆయన తోటకు వచ్చాడు. చెట్టు క్రింద నిలబడి మచ్చకాయలే రెండు కోయించుకొని తిన్నాడు. ఎగుమతికి పనికిరాని ఆ కాయ ఎన్ని టన్నులున్నదని అడిగాడు. అడిగిన ధర ఇవ్వలేదు, బాగానే గీచిగీచి బేరమాడాడు. కౌలు బాకీ సగము తీరింది, సగము అలాగే ఉన్నది. మళ్ళీ సమావేశానికి వెళ్తానంటున్నాడు. ఈసారి వాళ్ళమ్మ ఆవకాయ కూడా ఒక సీసా పెట్టి పంపుతుందట.