బొమ్మలో శీకాయ

నిన్న సాయంకాలము పొన్నేరి బజారులోని నాటుమందుల కొట్టునకు శీకాయ కొరకు పోయి, త్రాసులో కాయలు గలగలలాడుచుండగా, ప్రక్కన వ్రేలాడుచున్న షాంపూ పొట్లముపై ఆకుపచ్చని కొమ్మ బొమ్మయు, దాని క్రింద 'ప్రకృతిసిద్ధము' అను ముద్రయు చూచి, కుతూహలముకొద్దీ వెనుకకు త్రిప్పితిని.

చీమతలకాయలంత అక్షరములలో, నీటి తరువాత రెండవ పేరు సోడియం లారెత్ సల్ఫేట్ అను నురుగు రసాయనము. శీకాయ సారము ఎక్కడో అట్టడుగున!

"ఏమవ్వా, ఇందులో శీకాయ ఉందంటావా?"
"బొమ్మలో ఉంది కద నాయనా!"

నవ్వితిని గాని, ఇల్లు చేరువఱకు మనస్సు ఊరకుండలేదు.

ఆ సల్ఫేటు సైతము తఱచుగా కొబ్బరినూనె నుండియో పామాయిల్ గింజల నూనె నుండియో కర్మాగారములో రూపుమారి వచ్చునదే. ఇక కుంకుడుకాయలో నురుగు పుట్టించు సపోనిన్ పుట్టుకచే ప్రకృతిసిద్ధమే యైనను, దీపావళి తెల్లవారుజామున మా అమ్మ తలపై పోసిన పులుసు కంటబడి నేను కేకలు పెట్టగా, నోట ఉప్పుకల్లు వేసి ఊరడించిన ఆ మంట నేటికిని మఱపు రాదు.

గోరింటాకు మాట వేఱు. ఆకు పండించునది ఎఱుపే. నిమిషములలో నల్లగా పండు 'నల్ల గోరింట'లో తఱచుగా కలియునది పీపీడీ అను జుట్టురంగు రసాయనము, కొందఱికి చర్మము బొబ్బలెక్కింపగలది. అచ్చట మాత్రము నేను ఆకు పక్షమే.

శీకాయ తెచ్చితిని. పొట్లమును తెచ్చితిని, దాచనేల?

మీ ఇంట తలంటికి ఏమి నానుచున్నది? కంట పులుసు పడినప్పుడు మీకును ఉప్పుకల్లే పెట్టెడివారా?