సరిగ్గానే సదివాను కదా టీచర్?

గత రెండేళ్ళుగా వారానికి మూడు మధ్యాహ్నాలు విశాఖపట్నం చేపలరేవుకి దగ్గరలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకి చదవడం నేర్పుతున్నాను. నా డాక్టరేట్ తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. "ఇంత చదివి అఆలు దిద్దించడమేంటమ్మా" అని యూనివర్సిటీలో నాకంటే పెద్దాయన ఒకరు జాలిపడ్డారు కూడా. ఆయన జాలి వెనక ఒక లెక్క ఉంది. పెద్ద తరగతులకి చెప్పడానికి పాండిత్యం కావాలి, చిన్న తరగతులకి ఓపిక ఉంటే చాలు. పాండిత్యానికి జీతం, హోదా, సన్మానం ఉంటాయి. ఓపిక మాత్రం ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చేది కాబట్టి దానికి ప్రత్యేకంగా ఏమీ ఇవ్వక్కర్లేదు. వంటకీ, పిల్లల పెంపకానికీ విలువ కట్టని లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. చదవడం నేర్పడంలో ఎంత ఆలోచన ఉందో, ఎంత రాజకీయం ఉందో ఆ లెక్కలోకి ఎప్పుడూ రాదు.

ముందు శబ్దాల సంగతి చెప్తాను. తెలుగు రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం అని మనందరికీ ఒక గర్వం. ఇంగ్లీషులో 'సి' అక్షరం ఒకచోట క, ఇంకోచోట స. అందుకే అక్కడ ఏ అక్షరానికి ఏ శబ్దమో విడిగా నేర్పే ఫోనిక్స్ కావాల్సి వచ్చింది. మనకి క ఎక్కడున్నా క కాబట్టి వర్ణమాల, గుణింతాలు, వత్తులు వస్తే చదువు వచ్చినట్టే అంటారు. బాగానే ఉంది. కానీ పలికినట్టు రాస్తాం అంటున్నామే, ఎవరు పలికినట్టు?

మా పిల్లలు "ఏలు" అంటారు, పుస్తకంలో "వేలు" ఉంటుంది. వాళ్ళు "ఒచ్చింది" అంటే పుస్తకం "వచ్చింది" అంటుంది. వాళ్ళ నోట "ఎల్లిపోనాడు" పుస్తకంలో "వెళ్ళిపోయాడు". శనివారం వాళ్ళకి సనివారం, భయం బయం. వేలు బొమ్మ చూపించి ఈ మాట ఏ శబ్దంతో మొదలవుతుంది అని అడిగితే మూడో తరగతి పిల్లాడు "ఏ" అంటాడు. వాడి చెవిలో లోపమేమీ లేదు. వాడింట్లో ఆ మాట ఏతోనే మొదలవుతుంది. చదువుకున్న ఇళ్ళలోంచి వచ్చిన పిల్ల శబ్దం నుంచి అక్షరానికి ఒక్క అడుగులో వెళ్తుంది. వీళ్ళు మాత్రం ముందు తమ మాటని పుస్తకం మాటగా మార్చుకోవాలి, తర్వాత దానికి అక్షరం వెతుక్కోవాలి. రెట్టింపు పని చేస్తున్న పిల్లల్ని మనం నెమ్మదిగా చదువుతున్నారంటాం. వాళ్ళ పలుకుకి ఉచ్చారణ దోషం అని పేరు పెడతాం. దోషం అనే మాట ఎవరి నోటికి అంటుకుంటుందో, ఏ కులాల, ఏ పేటల నోటికి అంటుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

1863లో ఈ ఉత్తరాంధ్రలోనే పుట్టిన గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు, వాళ్ళకోసం బడులు నడిపించారు. పిల్లల నోట్లో ఉన్న భాషతోనే చదువు మొదలవ్వాలన్న ఆలోచన మనకి కొత్తదేమీ కాదు. ఆయన నడిపిన వ్యావహారిక భాషోద్యమం గెలిచింది కూడా. అయితే గెలిచింది శిష్ట వ్యావహారికం. జాలరిపేట నోరు ఆ గెలుపులో లేదు. 2004-05లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టినప్పుడు మన మన్యంలోని కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలకి చోటు దొరికింది. అది చాలా మంచి పని. కానీ కొండ కింద, సముద్రం ఒడ్డున తెలుగే మాట్లాడే పిల్లలకి తమ తెలుగూ పుస్తకం తెలుగూ వేరని చెప్పేవాళ్ళు లేరు. నేను చేసేదల్లా బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కన రాయడం. ఇంట్లో ఏలు, పుస్తకంలో వేలు. దేన్నీ కొట్టెయ్యను. రెండూ కళ్ళెదుట ఉంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళడం వాళ్ళకి అంత కష్టంగా ఉండదని ఈ రెండేళ్ళలో చూశాను.

తల్లులు అడిగేది ఇంగ్లీషు. "తెలుగు దానికెలాగూ ఒచ్చు కదమ్మా, ఇంగ్లీసు సెప్పండి" అంటారు. ఆ కోరికని తప్పుపట్టే హక్కు, పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో చదివించుకుంటున్న మనలాంటివాళ్ళకి లేదు. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నింటినీ ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తూ ఉత్తర్వు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న వాచకాలు వచ్చాయి. ఆ వాదనల్లో మాతృభాష గురించి గంభీరంగా మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. పిల్లల్ని రోజూ పక్కన కూర్చోబెట్టుకుని చదివించాల్సిన తల్లుల మాట ఎక్కడా పెద్దగా వినపడలేదు. ఎంవీపీ కాలనీ వైపు వెళ్తే ఫోనిక్స్ నేర్పుతామనే బోర్డులు కనిపిస్తాయి. అక్కడి పిల్లలు రంగురంగుల కార్డులు పట్టుకుని శబ్దాలు కలిపి మాట కట్టడం ఆటలా నేర్చుకుంటారు. ఇక్కడి పిల్లలు "బి ఏ టి బ్యాట్" అని గొంతెత్తి వల్లిస్తారు. ఆ మూడు అక్షరాల పేర్లు కలిపితే బీయేటీ అవుతుంది తప్ప బ్యాట్ అవదు కదా అని ఏ పిల్లకైనా సందేహం వస్తే, అది చాలా తెలివైన సందేహం. అడిగే అలవాటు లేదు కాబట్టి అడగరు.

ఇక మాటల సంగతి. ఈ పిల్లలకి పదసంపద తక్కువ అని తరచూ వింటాం. ఒకరోజు ఇంట్లో వినే మాటలు పదేసి తెమ్మన్నాను. నెత్తళ్ళు, వంజరం, చందువ, పండుగప్ప అని చేపల పేర్లే బోర్డు నిండా వచ్చాయి. అందులో సగం నాకు తెలియవు. పిల్లలే నాకు పాఠం చెప్పారు. వేట అంటే పుస్తకాల్లో అడవి, విల్లు, జింక. వీళ్ళకి వేట అంటే సముద్రం. "మా నాన్న ఏటకెల్లాడు" అంటే పదిరోజులు ఇంట్లో ఉండడని అర్థం. ఇంకో సంగతి కూడా గమనించాను. మగపిల్లలు తెచ్చినవి వల, తెప్ప, ఇంజను, డీజిలు. ఆడపిల్లలు తెచ్చినవి ఐసు, కాటా, వేలంపాట, ఉప్పుచేప, అప్పు, వడ్డీ, వాయిదా. ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్ళు తెచ్చిన జాబితాలు కూడా కలవలేదు. తండ్రి సముద్రం మీదికి వెళ్తే, ఆ చేపని డబ్బుగా మార్చేదీ, ఆ డబ్బుతో అప్పుల వాళ్ళకి సమాధానం చెప్పేదీ తల్లి. ఎనిమిదేళ్ళ పిల్ల నోట్లో 'వాయిదా' ఉండటానికి కారణం అదే. బ్రెజిల్‌లో పావ్లో ఫ్రెయిరీ 1963లో అంజికోస్ అనే ఊళ్ళో కూలీలకి చదువు చెప్పినప్పుడు వాళ్ళ బతుకులోని మాటలతోనే మొదలుపెట్టాడు. ఆ బతుకులో ఆడవాళ్ళ మాటలు వేరే ఉంటాయన్నది స్త్రీవాదులు తర్వాత చేర్చిన సంగతి.

ఇప్పుడు చెప్పబోయేది నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉంది. క్లాసులో అందరికంటే గడగడా చదువుతుంది. వత్తులు, సంయుక్తాక్షరాలు ఎక్కడా తడబడదు. వాళ్ళమ్మ చేపలమ్ముతుంది, సంతకం పెట్టగలదు, చదవలేదు. దగ్గరి బంధువొకాయన పడవ మరమ్మతుకి ఒకచోట అప్పు తీసుకుంటూ, ఒక కాగితం మీద సంతకం పెట్టమని ఆమెకి తెచ్చిచ్చాడు. ఆమె తెలివైనది కాబట్టి కూతుర్ని పిలిచి చదవమంది. పిల్ల నిలబడి మొత్తం చదివింది. 'హామీదారు' అని చదివింది, 'ఉమ్మడి బాధ్యత' అని చదివింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారట. తల్లి సంతకం పెట్టింది. కొన్ని నెలలకి ఆ బంధువు వాయిదాలు కట్టడం మానేశాడు. వసూలుకి వచ్చినవాళ్ళు ఈమె గుమ్మంలో నిలబడ్డారు.

ఆ పిల్ల నన్ను అడిగింది: "నాను సరిగ్గానే సదివాను కదా టీచర్?"

సరిగ్గానే చదివావమ్మా అన్నాను. అది నిజమే కదా. హామీదారు అంటే అప్పు ఎగ్గొట్టినవాడి బదులు కట్టాల్సిన మనిషి అని ఆ తర్వాత చెప్పాను. 'వాయిదా' తెలిసిన పిల్లకి ఆ మాట చెప్తే అర్థంకానిదేమీ కాదు. అంతకుముందు ఎవరూ చెప్పలేదు, అంతే. మన బడుల్లో ఒక పిల్ల చదవగలదా లేదా అని చూసే పద్ధతి గట్టిగా చదివించి వినడం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో కూడా పిల్లలకి అక్షరాలు, మాటలు, ఒక పేరా, ఒక చిన్న కథ ఇచ్చి చదివిస్తారు. రెండో తరగతి స్థాయి కథ కూడా చదవలేని పిల్లలు ఎంతమందో దేశానికి తెలిసింది ఆ సర్వే వల్లే. కానీ ఏ కొలతతో కొలిచినా ఈ పిల్ల అన్ని మెట్లూ ఎక్కేసినట్టే లెక్క.

అర్థం కాకుండా చదవడం ఎంత సులువో మీరే చూడండి. "దుమ్మరి గొంచె మీద మొసికను లొడిగింది." దుమ్మరి దేన్ని లొడిగింది? మొసికను. ఎక్కడ లొడిగింది? గొంచె మీద. రెండు జవాబులూ కరెక్టే, మీకు రెండు మార్కులు. ఇందులో ఒక్క మాటకీ అర్థం లేదు, నేనే కల్పించాను. బడిలో ప్రశ్నలు, జవాబులు చాలావరకు ఇలాగే నడుస్తాయి. ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం ఎత్తి రాస్తే సరిపోతుంది. పిల్లలు ఇందులో ఆరితేరిపోతారు.

మన నగరం కాగితాల మీద లేచిన నగరం. 1933లో రేవు మొదలైంది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఉక్కు కోసం భూములు పోయినవాళ్ళ చేతికి ఆర్ కార్డు అనే కాగితం వచ్చింది. చదవలేని కాగితాల మీద వేలిముద్రలు వేసిన తరం గాజువాక, పెదగంట్యాడ వైపు పునరావాస కాలనీల్లో ఇంకా ఉంది. వాళ్ళ మనవరాళ్ళు చదవగలరు. ఆ కాగితం తమని ఏం చేయబోతోందో కూడా చదవగలరా అన్నదే ఇప్పుడు ప్రశ్న. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా స్త్రీలు అక్షరాస్యతా వాచకంలో సీతమ్మ కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టి సారా దుకాణాల మీదికి నడిచారు. 1993లో సారా నిషేధం వచ్చింది. వాళ్ళలో చాలామంది కూడబలుక్కుని చదివినవాళ్ళే. తమ్ముడి దగ్గర చదువు నేర్చుకున్న భండారు అచ్చమాంబ 1902 నాటికి కథ రాసే స్థాయికి వచ్చింది. ధారాళంగా చదవడం ఒక్కటే చదువు కాదని మన చరిత్రే మనకి చెప్పింది.

ఆ కాగితం సంగతి తర్వాత నా క్లాసులోకి కరెంటు బిల్లు, మందుల చీటీ, డ్వాక్రా పాస్‌బుక్కు, రేషను కార్డు వచ్చాయి. ఎవరు ఎవరికి ఏం ఇవ్వాలి, ఎప్పటిలోగా, ఇవ్వకపోతే ఏమవుతుంది అని అడగడం నేర్చుకుంటున్నాం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. వేసవి సెలవులు కూడా దాదాపు అప్పుడే. ఇంట్లో రాబడి తగ్గిన ఆ రెండు నెలల్లో ఆడపిల్లలు తల్లుల వెంట ఉప్పుచేపల గంపలతోనో, తమ్ముళ్ళని ఎత్తుకునో తిరుగుతారు. జూన్‌లో తిరిగొచ్చేసరికి కొంత మర్చిపోతారు, కొందరు అసలు తిరిగి రారు. అందుకే సెలవులకి ముందు వారాల్లో అక్షరాల వేగం పెంచడం కంటే అడిగే అలవాటు నిలబెట్టడం మీదే నా దృష్టంతా.

ఈ ఏడాది అలాంటి ఒక వారంలో నేనే ఒక చిన్న కథ రాసి ఇచ్చాను. "అమ్మ అందరికీ అన్నం పెట్టింది. గిన్నె కడిగింది. నాకు ఆకలిగా లేదు అని చెప్పి పడుకుంది." అమ్మ ఎందుకు తినలేదు అని ప్రశ్న. దాదాపు అందరూ "అమ్మకి ఆకలిగా లేదు" అని రాశారు. ఆ పిల్ల మాత్రం లేచి "అమ్మకి ఆకలిగానే ఉంది టీచర్. కూడు అయిపోనాది" అంది. "అలాగని పుస్తకంలో లేదు కదా" అని మగపిల్లలు ఎదురు తిరిగారు. "గిన్ని కడిగీసింది కదా, ఉంటే కడిగీదా?" అంది ఆ పిల్ల. సెమినార్లలో మనం పాఠం చెప్పని దాన్ని పాఠంలోంచే చదవడం అని ఎన్ని పేజీలు రాస్తామో, అది ఆమె కడిగిన గిన్నెలో చూపించింది. క్లాసంతా ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. ఒకరిద్దరు తమ జవాబు కొట్టేసి మళ్ళీ రాశారు.

మర్నాడు ఆమె తనే ఒక ప్రశ్న రాసుకొచ్చింది. ఇంతవరకూ మా క్లాసులో ప్రశ్నలు రాసేది నేనొక్కదాన్నే. పలికినట్టే రాసింది: "అమ్మ తిన్నాదా అని ఎవలూ ఎందుకు అడగలేదు?" ఒక్క అక్షరం కూడా దిద్దకుండా బోర్డు మీదికి ఎక్కించాను. మగపిల్లలు చాలాసేపు గొడవ చేయకుండా దాన్ని చూస్తూ కూర్చున్నారు. జవాబు ఇంటికెళ్ళి రాసుకురమ్మన్నాను.