అద్దానికి పెట్టిన గింజలు

మధ్యాహ్నం రెండున్నర వేళ మా ఫ్లాటులో నేనూ నీలుగాడూ తప్ప ఎవరూ ఉండరు. అమ్మాయి గురుగ్రామ్‌లో ఆఫీసుకి, అల్లుడు ఓఖ్లాకి, మనవరాలు బడికి పోతారు. నోయిడాలో పన్నెండో అంతస్తు మాది. పావురాలు రాకుండా బాల్కనీకి వల కట్టించారు. ఆ వల పక్కనే పంజరం. అందులో గుప్పెట్లో ఇమిడిపోయే నీలిరంగు బడ్జీ పిట్ట.

డిసెంబరులో ఒకరోజు అన్నం తిని పళ్లెం కడుక్కుంటూ అటు చూశాను. నీలుగాడు పంజరంలో వేలాడదీసిన చిన్న అద్దం ముందు కూర్చుని తల గబగబా పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. గొంతు సంచిలోంచి నానిన గింజలు పైకి తెచ్చుకుని, అద్దంలో పిట్ట ముక్కుకి తన ముక్కు ఆనించి నోట్లో పెట్టబోతున్నాడు. గింజలు అద్దానికి అంటుకుని, జారి, అడుగున వేసిన కాగితం మీద పడుతున్నాయి. మళ్లీ తెస్తున్నాడు, మళ్లీ పెడుతున్నాడు. మగ బడ్జీ తన జోడీకి తినిపించే తీరది. ఆ జోడీ, పసుపురంగు పీలీ, చనిపోయి అప్పటికి మూడు వారాలు.

అద్దం తీసేశాను. తీశాక వాడు ఆ ఖాళీ చోటి ముందు అటూ ఇటూ తిరగడం చూడలేక మళ్లీ తగిలించాను. ఆ రాత్రి భోజనాల దగ్గర నేనే ఎత్తాను మాట. ఇంకో పిట్టని తేవాలా, వీణ్ణి ఒంటరిగానే ఉంచాలా?

కొన్నప్పుడు ఈ ప్రశ్న రాలేదు. మన ఊళ్లలో బడ్జీలను లవ్ బర్డ్స్ అంటాం కదా, ఆ పేరుకి తగ్గట్టే జంటగా అమ్ముతారు, జంటగా కొంటాం. అసలు లవ్ బర్డ్స్ వేరు, అవి ఆఫ్రికా పిట్టలు, పొట్టి తోకవి. ఇవి ఆస్ట్రేలియా మెట్ట భూముల్లో నీళ్లు వెతుక్కుంటూ గుంపులు గుంపులుగా తిరిగే బుల్లి చిలుకలు. అక్కడ ఇవి పచ్చగానే ఉంటాయి. నీలం, పసుపు, తెలుపు పెంపకందార్లు తెచ్చిన రంగులు.

మా మనవరాలు మొదట అడిగింది వీటిని కాదు, రామచిలుకని. ఫిబ్రవరి వస్తే మా సెక్టారు రోడ్డు పక్క బూరుగ చెట్లు ఎర్రగా పూస్తాయి. ఆ పూల మీద చిలుకలు వాలి, తలకిందులుగా వేలాడుతూ అరుస్తాయి. లోదీ గార్డెన్స్‌కి వెళ్తే పాత సమాధుల రాతి తొర్రల్లోంచి తలలు బయటికి పెట్టి చూస్తుంటాయి. అంత దగ్గర్లో కనిపించే పిట్టని ఇంట్లో ఎందుకు పెట్టుకోకూడదో తొమ్మిదేళ్ల పిల్లకి చెప్పడం కష్టమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం. దేశవాళీ పక్షుల వ్యాపారం 1990-91 నుంచే నిషేధం. బడ్జీ, కాకటీల్ లాంటివి విదేశీ పిట్టలు, సైటిస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం జాబితాల్లో లేనివి, కనుక వాటికి అడ్డు లేదు. ఆ జాబితాల్లో ఉన్న మకావ్, ఆఫ్రికన్ గ్రే లాంటి చిలుకల్ని పెంచుకునేవాళ్లు మాత్రం 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

అయినా పచ్చ చిలుకలు దొరుకుతూనే ఉన్నాయి. అప్పట్లో బడ్జీల కోసం వెళ్లినప్పుడు పాతఢిల్లీలో ఒక గల్లీలో ఒకతను బుట్ట మీది గుడ్డ కొంచెం తొలగించి చూపించాడు. ఈకలు పూర్తిగా రాని పిల్లలు, ఒకదాని మీద ఒకటి. పహాడీ తోతా, బాగా మాట్లాడుతుంది అన్నాడు. మా అల్లుడు ఒకటా రెండా అని ఏదో మాటవరసకి అడిగితే, "ఏక్ హీ లీజియే సాబ్, తభీ బోలేగా" అన్నాడు. ఒకటే తీసుకోండి, అప్పుడే మాట్లాడుతుంది. రెండుంటే వాటిలో అవే మాట్లాడుకుంటాయి, మీకేం మిగలదు అని విడమరిచి చెప్పాడు కూడా. అక్కణ్నుంచి వచ్చేశాం గానీ ఆ మాట నాతోపాటు నోయిడా దాకా వచ్చింది. ఎందుకంటే అది నిజం.

కోనసీమలో మా అమ్మమ్మ ఇంటి వసారాలో ఒక చిలుక ఉండేది. చట్టం సంగతి అప్పుడు ఎవరూ తలచుకోలేదు. మెడ చుట్టూ నల్లటి, గులాబీ గీతలు దిగిన మగ చిలుక. వీధి తలుపు చప్పుడైతే "అమ్మా, ఎవరో వచ్చారే" అనేది. ఊరంతా దాన్ని మెచ్చుకునేవాళ్లు. జామకాయ ముక్కా, పచ్చిమిరపకాయా పెట్టేవాళ్లం. పక్షులకి కారం తెలియదు, అది నమిలి తినేది. దాని ముద్దు మాటలు నాకు ఇంకా చెవుల్లో ఉన్నాయి. వాటితోపాటే ఇంకో అరుపు కూడా. సాయంత్రం కొబ్బరితోటల మీంచి చిలుకల గుంపు పోయే వేళకి అది పంజరం ఊచలకి అతుక్కుపోయి, రెక్కలు విప్పదీసి, ఆ గుంపు కనుమరుగయ్యేదాకా కేకలు పెట్టేది. మేం నవ్వేవాళ్లం. చిలక పాట పాడుతోందనుకునేవాళ్లం.

ఆ అమ్మమ్మే మాకు రామదాసు కథ చెప్పింది. కంచెర్ల గోపన్న కిందటి జన్మలో ఒక చిలుకని పన్నెండేళ్లు పంజరంలో పెట్టాడట, అందుకే గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు గడపవలసి వచ్చిందట. కథ చెబుతున్న అమ్మమ్మ తల మీదే ఆ పంజరం వేలాడుతుండేది. ఆవిడ మంచి మనిషి. మేమెవ్వరం ఆ రెండూ కలిపి చూసుకోలేదు, అంతే.

ఇంకొకటి కూడా ఆలోచిస్తుంటాను. అన్యోన్యంగా ఉన్న ఆలుమగల్ని చిలకా గోరింకలు అంటాం. చిలుకకి జోడీగా మన భాష ఇంకో చిలుకని కాక గోరింకని చూపించింది. నిజానికి చెట్టు తొర్రల కోసం ఆ రెండు జాతులూ పోట్లాడుకుంటాయి. మనం దగ్గరగా చూసిన చిలుకలన్నీ ఒంటరివి, పంజరాలవి, జోస్యం చెప్పేవాళ్ల పెట్టెల్లోవి. చిలుక పక్కన చిలుక ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూసే అవకాశమే మనకి తక్కువ.

భోజనాల దగ్గర అల్లుడు తన వాదన చెప్పాడు. ఒక్కడే ఉంటే మనకి మాలిమి అవుతాడు అత్తయ్యా, మాటలు కూడా నేర్చుకుంటాడు, మగ బడ్జీలు బాగా మాట్లాడతాయి అని. నిజమే. కాలిఫోర్నియాలో పక్ అనే బడ్జీకి 1,728 మాటలు వచ్చని గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. అమ్మాయి వాదన వేరు. "బడ్జీలు ఐదారేళ్లు, మహా అయితే పదేళ్లు బతుకుతాయి. ఇప్పుడు ఇంకోటి తెస్తాం. రేపు నీలు పోతే అది మిగులుతుంది. దానికి ఇంకోటి తేవాలి. దీనికి అంతెక్కడమ్మా? రెండుంటే ఎప్పుడో ఒకప్పుడు ఒకటి మిగిలిపోవాల్సిందే కదా, మిగిలినవాళ్లు ఎలాగో..." అని, మాట సగంలో ఆపి నా కంచంలో పెరుగు వేసింది. వాళ్ల నాన్న పోయి నాలుగేళ్లు. ఆయన పోయాకే నేను కాకినాడ ఇల్లు తాళం పెట్టి ఇక్కడికి వచ్చాను.

మనవరాలిది మూడో దారి. "వీణ్ణి వదిలేద్దాం అమ్మమ్మా" అంది. దానికి బలం లేకపోలేదు. 2015లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో, ఆకాశంలో ఎగరడం పక్షులకు ప్రాథమిక హక్కు, వాటిని పంజరాల్లో పెట్టరాదు అని చెప్పింది. ఎర్రకోట ఎదురుగా దిగంబర జైన లాల్ మందిర్‌లో పక్షుల ఆస్పత్రి ఉంది. అక్కడ కోలుకున్న పక్షుల్ని మేడ మీంచి వదిలేస్తారు. పిల్లని అక్కడికి తీసుకెళ్తే ఆ సంగతి తెలుసుకుని వచ్చింది. కానీ నీలు పంజరంలో పుట్టినవాడు. గింజ గిన్నెలో తప్ప మరోచోట ఉంటుందని తెలియదు. ఢిల్లీ ఆకాశం నిండా గద్దలు, కాకులు. ఆ నీలిరంగు ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. వదిలితే రెండో రోజు ఉండడు. ఆ హక్కుని వాడి తాతముత్తాతల దగ్గరే మనుషులు తీసేసుకున్నారు. ఇక మనం ఇవ్వగలిగింది తోడు ఒక్కటే.

నాకు అంత తెలిసినా పని మాత్రం ముందుకు సాగలేదు. చలి తగ్గేదాకా కొత్త పిట్టని తేవద్దని పక్షుల డాక్టరు గారు అన్నారు. నవంబరు నుంచి ఇక్కడి గాలి మనుషులకే గొంతులో గరగర. పక్షి ఊపిరితిత్తుల వెంట ఒళ్లంతా గాలి సంచులుంటాయి, పీల్చిన గాలిలో విషం ఉంటే వాటికి మనకంటే ముందు తగులుతుంది. పీలీ పోయిందీ పొగమంచు ముదిరిన వారంలోనే. సరే, ఫిబ్రవరి దాకా ఆగుదాం అనుకున్నాం.

ఆ మధ్యలో, సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజున, నీలుగాడు మాట్లాడాడు.

"తిన్నావా" అన్నాడు. గొణిగినట్టు, వేగంగా, కానీ స్పష్టంగా. రోజూ గింజలు పోస్తూ నేను అనే మాట. పీలీ ఉన్న రెండేళ్లలో ఒక్క మాట రానివాడు, రెండు నెలల ఒంటరితనంలో నేర్చుకున్నాడు. ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని చుట్టూ చేరారు. నా ఆనందం చెప్పలేను. ఈ ఇంట్లో మనవరాలు నాతో సగం హిందీలో మాట్లాడుతుంది, లిఫ్టులో అందరూ నమస్తే ఆంటీజీ అంటారు, పగలంతా తెలుగు మాట వినపడాలంటే నేనే అనుకోవాలి. అలాంటిచోట, మధ్యాహ్నం రెండున్నరకి, నన్ను తిన్నావా అని అడిగే గొంతు ఒకటి దొరికింది. వారం రోజులు నేను రెండో పిట్ట సంగతి ఎత్తలేదు. అది నేను ఒప్పుకోవాలి.

తర్వాత చదివి తెలుసుకున్నాను, బడ్జీలు ఊరికే మాటలు నేర్వవు. ప్రతి పిట్టకీ తనదైన ఒక పిలుపు ఉంటుంది. జత కుదిరితే మగది తన పిలుపుని మార్చుకుని ఆడదాని పిలుపుని అనుకరిస్తుంది. నేను నీవాణ్ణి అని చెప్పుకోవడం అలాగే. పక్కన పిట్ట లేకపోతే దగ్గరున్న మనిషి గొంతుని పట్టుకుంటుంది. వాడి "తిన్నావా" అంటే అర్థం అది. నన్ను పిలుస్తున్నాడు. నేనేమో కూరగాయలకని కిందికి వెళ్తాను, నిద్రపోతాను, ఫోన్లో మాట్లాడతాను. వాడి గుంపు మొత్తం నేనొక్కదాన్నే అయితే, నేను లేని ప్రతి గంటా వాడికి గుంపు తప్పిపోయిన గంటే.

2014లో వియన్నాలో ఆఫ్రికన్ గ్రే చిలుకల మీద చేసిన పరిశోధన గురించి కూడా అల్లుడే చదివి చెప్పాడు. క్రోమోజోముల కొసల్లో టెలోమియర్లని ఉంటాయి, వయసుతోపాటు అరిగిపోతాయి. ఒంటరిగా ఉంచిన తొమ్మిదేళ్ల చిలుకల టెలోమియర్లు, జంటగా ఉంచిన, వాటికంటే 23 ఏళ్లు పెద్దవైన చిలుకల టెలోమియర్లంతే ఉన్నాయట. స్విట్జర్లాండులో 2008 నుంచి గుంపుగా బతికే చిలుకల్ని ఒంటరిగా పెంచకూడదని నిబంధనే ఉంది. చదివి ఫోను పక్కన పెట్టి, "తెచ్చేద్దాం అత్తయ్యా" అన్నాడు. వాదన తనదే అయినా వదులుకున్నాడు, ఆ అబ్బాయిలో నాకు నచ్చేది అదే.

తేవడం కూడా చెప్పినంత తేలిక కాదు. ఆడపిట్టని తెస్తే గుడ్లు, పిల్లలు. గుడ్డు లోపల ఇరుక్కుపోయి ఆడపిట్టలు చచ్చిపోవడమూ ఉంది. రెండు ఆడవి అయితే కొట్టుకుంటాయి. రెండు మగవి చాలావరకు స్నేహంగా ఉంటాయని డాక్టరు గారు అన్నారు. ముక్కు పైన మైనంలా ఉండే చోటు నీలంగా ఉంటే మగది, గోధుమరంగైతే ఆడది. మరీ పిల్ల పిట్టల్లో అది పోల్చుకోవడం కష్టం కాబట్టి కాస్త ఎదిగినదాన్నే చూసి ఆకుపచ్చది ఒకటి తెచ్చాం. నెల రోజులు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచాం, జబ్బులేమైనా ఉంటే బయటపడతాయని. తలుపులు మూసి ఉన్నా మొదటి రోజు నుంచే ఈ గదిలోంచి ఆ గదికి పిలుపులు. నీలుగాడు గింజలు మానేసి తలుపుకేసి చెవి పెట్టి కూర్చునేవాడు. ఆ తర్వాత పది రోజులు రెండు పంజరాలూ పక్కపక్కన. ఆ తర్వాత పెద్ద పంజరం, రెండు గిన్నెలు.

మొదటి రెండు రోజులు ముక్కులతో పొడుచుకున్నారు. మూడో రోజు ఒకే కొమ్మ మీద, జానెడు దూరంలో. నీలుగాడు నావైపు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. గింజలు పోస్తూ తిన్నావా అంటే తల తిప్పి చూసి, మళ్లీ అటు తిరిగిపోయేవాడు. మధ్యాహ్నం ఇల్లంతా కిచకిచలు, అందులో నాకు తెలిసిన మాట ఒక్కటీ లేదు. గుండెలో కలుక్కుమంది, దాచుకోను. అమ్మాయికి చెబితే నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది.

నిన్న మళ్లీ అన్నం తిని పళ్లెం కడుగుతున్నాను. నీలుగాడి తల పైకీ కిందికీ ఆడుతోంది. కుళాయి కట్టేసి వెళ్లి చూశాను. పచ్చవాడు మెడ చాచి, నోరు తెరిచి ఉన్నాడు. పంజరం అడుగున కాగితం మీద గింజ పడలేదు.

అద్దం తీసి సొరుగులో పెట్టేశాను. సి టవర్‌లో తెనాలి ఆవిడ ఒకావిడ ఉన్నారు. ఉగాదికి లిఫ్టు దగ్గర పలకరించి నంబరు ఇచ్చారు, నేనే ఇంతవరకు చెయ్యలేదు. ఫోను తీసి ఆ నంబరు వెతికి నొక్కాను.

"వదినగారూ, భోజనం అయిందాండీ?"