అమ్మల గదుల్లో పుట్టిన బీటిల్స్

లివర్‌పూల్‌లో మాథ్యూ స్ట్రీట్ ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు. మిట్టమధ్యాహ్నానికే ఒక పబ్బులోంచి ఒక బీటిల్స్ పాట, ఎదురు పబ్బులోంచి ఇంకొకటి ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. కేవర్న్ క్లబ్బు మెట్లు దిగితే ఇటుక కమాన్ల కింద జనం, ఉక్క, సెల్‌ఫోన్ల వెలుగు. అయితే మనం దిగింది వాళ్లు వాయించిన కేవర్న్‌లోకి కాదు. భూగర్భ రైలుకి గాలి గొట్టం వేయాలంటూ దాన్ని 1973లో మూయించి, పైనున్న గోదాము పడగొట్టారు. ఆ గొట్టం మాత్రం వేయనే లేదు. పాత ఇటుకలు ఏరి, చాలావరకు ఆ స్థలంలోనే 1984లో మళ్లీ కట్టారు. 1961 ఫిబ్రవరికీ 1963 ఆగస్టుకీ మధ్య ఇక్కడ బీటిల్స్ 292 సార్లు వాయించారని చెబుతారు. దగ్గర్లో రికార్డుల షాపు నడిపే బ్రయన్ ఎప్‌స్టీన్ 1961 నవంబర్ 9న మధ్యాహ్నం వచ్చి విని, తర్వాత వాళ్ల మేనేజరయ్యాడు. ప్రపంచానికి తెలిసిన కథ అక్కణ్నుంచే మొదలు.

నాకు అంతకుముందు కథ కావాలి. మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు నాతో వచ్చాడు. "మామయ్యా, దానికైతే బస్సెక్కి కాలనీల్లోకి పోవాలి. అక్కడ ఇళ్లు తప్ప ఏమీ ఉండవు" అన్నాడు. ఇళ్లే చూద్దాం పదమన్నాను.

ఊరికి దక్షిణాన మెన్‌లవ్ అవెన్యూలో 251వ నంబరు ఇల్లు జాన్ లెనన్ పెద్దమ్మ మిమీది. రంగుటద్దాల కిటికీలు, ముందు చిన్న గాజు వరండా. గిటారు చప్పుడు భరించలేక మిమీ వాణ్ని ఆ వరండాలోకి తరిమేదట. ఇద్దరు మనుషులు నిలబడితే నిండిపోయే చోటది. గిటారు పట్టడం నేర్పింది మాత్రం తల్లి జూలియా. ఆవిడకి వచ్చింది బాంజో, అందుకని బాంజో పట్లే నేర్పింది. జాన్ తన గిటారుని బాంజోలాగే శ్రుతి చేసుకునేవాడు. 1957 జూలై 6న, దగ్గర్లోని వూల్టన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి ఉత్సవంలో జాన్ బృందం క్వారీమెన్ వాయించింది. ఆ సాయంత్రం చర్చి హాల్లో పాల్ మెకార్ట్‌నీ అనే పదిహేనేళ్ల పిల్లాడు గిటారుని సరిగ్గా శ్రుతి చేసి చూపించాడు. పదహారేళ్ల జాన్ వాణ్ని కలుపుకోవాలా వద్దా అని ఆలోచనలో పడ్డాడు. తనకంటే బాగా వాయించేవాణ్ని పక్కన పెట్టుకోవడం నాయకుడికి అంత తేలిక కాదు మరి. ఆ మరుసటి ఏడాది జూలై 15న, మిమీ ఇంటి నుంచి బయల్దేరిన జూలియాని ఈ రోడ్డు మీదే కారు గుద్దింది. ఇప్పుడక్కడ కార్లు ఆగకుండా పోతూనే ఉన్నాయి. మేం రోడ్డు దాటడానికి చాలాసేపే నిలబడాల్సి వచ్చింది.

పాల్ వాళ్లది ఫోర్త్‌లిన్ రోడ్డులో 20వ నంబరు. మునిసిపాలిటీ కట్టించి అద్దెకిచ్చిన వరస ఇళ్లలో ఒకటి. తల్లి మేరీ కాన్పులు చేసే నర్సు. 1955లో ఈ ఇంటికి వచ్చిన మరుసటి ఏడాదే, అక్టోబర్ 31న, రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఇల్లు ఇప్పుడు నేషనల్ ట్రస్ట్‌ది. ముందుగా టికెట్టు తీసుకుంటే కొద్దిమందినే లోపలికి పంపుతారు. ఫొటోలు తీయనివ్వరు. అది నాకు మేలే అయింది, కళ్లతో చూశాను. ముందు గదిలో ఒక్కో గోడకి ఒక్కో రకం కాగితం. తివాచీ కూడా ముక్కలు కలిపి పరిచిందే. చేతిలో ఉన్న డబ్బుతో సర్దుకున్న ఇల్లని చూడగానే తెలిసిపోతుంది. బడి ఎగ్గొట్టి జాన్, పాల్ ఈ గదిలోనే పొయ్యి దగ్గర ఎదురెదురుగా కూర్చుని పాటలు కట్టేవారు. పాల్‌ది ఎడమచేతి వాటం, జాన్‌ది కుడి. ఒకరి వేళ్లు ఇంకొకరికి అద్దంలో చూసినట్టు కనబడేవి. పాల్ తమ్ముడు మైక్ తీసిన ఫొటో గోడమీద ఉంది, ఇద్దరూ ఒకే నోటుపుస్తకంలోకి వంగి ఉన్నారు. తల్లుల్ని పోగొట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు.

నేను ఎక్కువసేపు ఉండిపోయింది మాత్రం ఊరికి ఇంకో మూల, వెస్ట్ డెర్బీలో, హేమన్స్ గ్రీన్ 8వ నంబరు ఇంటి సెల్లార్లో. ఈ ఇంటావిడ మోనా బెస్ట్ ఢిల్లీలో పుట్టింది. పెద్దకొడుకు పీట్ 1941 నవంబర్ 24న మద్రాసులో పుట్టాడు. అప్పటికి మనవాళ్ల రాజధాని కూడా అదే. యుద్ధం అయ్యాక కుటుంబం ఓడెక్కి లివర్‌పూల్ చేరింది. పదిహేను పడగ్గదుల ఈ కొంప ఆవిడెలా కొన్నదో ఇక్కడివాళ్లు ముచ్చటగా చెబుతారు. 1954 డెర్బీ పందెంలో నగలు తాకట్టు పెట్టి 'నెవర్ సే డై' అనే గుర్రం మీద కాసిందట. ఒకటికి ముప్ఫైమూడు పలికిన గుర్రం, గెలిచింది. నగలు తాకట్టు పెట్టే సంగతి మనకి కొత్తేం కాదు గానీ, గుర్రం మీద కాసే ఆడమనిషిని మా వైపు నేను చూడలేదు.

పీట్ స్నేహితుల కోసమని ఆవిడ సెల్లార్‌ని కాఫీ క్లబ్బుగా మార్చింది. పేరు కస్బా. 1959 ఆగస్టు 29న తెరిచిన రోజు వాయించింది క్వారీమెనే: జాన్, పాల్, జార్జ్ హారిసన్, కెన్ బ్రౌన్. డ్రమ్ములు వాయించేవాడే లేడు. అంతకుముందు గోడలకీ పైకప్పుకీ రంగులు వేసిందీ వాళ్లే. ఆ రంగులింకా ఉన్నాయి. పాల్ వేసిన ఇంద్రధనుస్సు చారల కింద నిలబడితే చెయ్యెత్తకుండానే పైకప్పు తగిలేలా ఉంది. దగ్గరగా చూస్తే చార అంచులు వంకరటింకర, అక్కడక్కడా రంగు కారిపోయి గట్టిపడిన బొట్లు. "వీళ్లకి పెయింటింగ్ పని మాత్రం రాలేదు మామయ్యా" అన్నాడు మావాడు. ఏడాది తిరిగేసరికి, 1960 ఆగస్టులో, పీట్‌ని డ్రమ్మర్‌గా తీసుకుని హాంబర్గ్ వెళ్లారు. తిరిగొచ్చాక మోనాయే ఫోన్లు చేసి కచేరీలు కుదిర్చేది. ఎప్‌స్టీన్ రాకముందు వాళ్లకి మేనేజర్ లాంటిది ఎవరైనా ఉంటే అది ఈవిడే అంటాను నేను. బీటిల్స్ చరిత్ర పుస్తకాలు ఆవిణ్ని రెండు వాక్యాల్లో దాటేయడం నాకు నచ్చదు.

1962 ఆగస్టు 16న ఎప్‌స్టీన్ పీట్‌ని ఆఫీసుకి పిలిపించి, నిన్ను తీసేశామని చెప్పాడు. ముగ్గురు స్నేహితుల్లో ఒక్కడూ ఆ గదిలో లేడు. రింగో స్టార్ వచ్చాడు. కేవర్న్‌లో అభిమానులు గొడవచేస్తే జార్జ్ కంటికి దెబ్బ తగిలింది. అక్టోబర్ 5న మొదటి రికార్డు 'లవ్ మీ డూ' విడుదలైంది. పీట్ తర్వాత ఉపాధి కార్యాలయంలో ఇరవయ్యేళ్లు సర్కారు ఉద్యోగం చేశాడు. అతను వాయించిన పాత పాటలు కొన్ని 1995లో 'ఆంథాలజీ 1'లో చేరాకే అతనికి డబ్బొచ్చింది.

ఇదంతా విన్నాక, మోనా వాళ్ల మొహం చూసి ఉండదనుకున్నాను. కానీ 1967లో 'సార్జెంట్ పెప్పర్స్' అట్ట ఫొటో కోసం జాన్‌కి సైనిక పతకాలు కావలసివచ్చాయి. అడిగింది మోనానే. ఆవిడ తండ్రి బ్రిటిష్ హయాంలో భారతదేశంలో పనిచేసిన సైనికాధికారి. ఆయన పతకాలు తీసి ఇచ్చింది. జాన్ ఛాతీ మీద ఇప్పటికీ కనబడేవి అవే.

"కొడుకుని తీసేసినవాళ్లకా?" అన్నాడు మావాడు. కాస్త ఆగి, "మా అమ్మయితే తలుపు కూడా తీయదు."

మా అక్క సంగతి నాకు తెలుసు. తలుపు తీసి, చెడామడా తిట్టి, అప్పుడిచ్చేది.