సరయామాలో మట్టి కలిపేవాళ్ళు

జపాన్‌లో ప్రశాంతమైన పల్లె గురించి రాసిమ్మని ఎడిటర్ అడిగితే సరేనన్నాను గానీ, నాకు తెలిసిన పల్లెలో ప్రశాంతతే తక్కువ. క్యూషూ దీవిలో హితా పట్టణానికి ఎగువన, కొండల మధ్య ఉంది సరయామా. ఒంటా కుండలు చేసే ఊరు. కుమ్మరి కుటుంబాలు పది దాకా ఉంటాయి. వాగు వెంట పెద్ద పెద్ద దుంగలు రాత్రీ పగలూ దబ్బు దబ్బున పడుతూనే ఉంటాయి. కరవుసు అంటారు వాటిని. దుంగకు ఒక కొసన దోనెలా తొలిచిన గుంట, రెండో కొసన రోకలి. గుంట నిండితే ఆ కొస కిందికి వంగి నీళ్ళు ఒలకబోస్తుంది, రోకలి లేచి మట్టిగడ్డల మీద పడుతుంది. మన ఏతామే అనుకోండి, పైన తొక్కే మనిషి లేడంతే.

కితక్యూషూలో చదువుకునే రోజుల్లో కొకురాలో రైలెక్కి హితాకు వచ్చేదాన్ని. ఇన్నేళ్ళకు వస్తే సోయెదా దాటాక రైలు లేదు. 2017 జులై వరదల్లో లైను దెబ్బతింటే మళ్ళీ రైలు వేయలేదు, 2023 ఆగస్టులో బస్సు పెట్టారు. కొంతదూరం ఆ బస్సు పాత రైలుదారి మీదే పోతుంది. కిటికీ నిండా సుగీ చెట్లు. వాటి సంగతి తర్వాత.

నాకు పరిచయమున్న ఇంట్లో ఇప్పుడు కొడుకు సారె మీద కూర్చుంటున్నాడు. అప్పట్లో బడిసంచీతో గుమ్మంలో నిలబడి నన్ను వింతగా చూసిన పిల్లాడే. కాలితో తన్ని తిప్పే సారె అది. తెల్లమట్టి పూత పూసిన పళ్ళెం సగం ఆరి ఉంది. వంచిన పలుచటి ఉక్కు రేకు తీసి (పూర్వం పాత గడియారాల స్ప్రింగుతో చేసుకునేవారట) పళ్ళేనికి ఆనించీ ఆనించనట్టు పట్టుకున్నాడు. సారె తిరుగుతుంటే రేకు ఎగిరెగిరి పడుతూ పూతను గిల్లుకుంటూ పోయింది. కింది ముదురు మట్టి చుక్కలు చుక్కలుగా బయటపడింది. బిగించి పట్టుకుంటే చుక్కలకు బదులు గీత పడుతుంది. మరీ వదులు చేస్తే ఏమీ పడదు. కంటితో చూసి చేసే పని కాదట, చప్పుడు మారగానే చెయ్యి తీసేస్తానన్నాడు. అంత పళ్ళెమూ కాఫీ తాగినంతసేపు కూడా పట్టలేదు.

ఆ పళ్ళేనికి మట్టి తయారవడానికి మాత్రం వారాలు పట్టింది. కరవుసు కిందే మూడు నాలుగు వారాలు నలగాలి. ఆ పొడిని తొట్లో నీళ్ళు పోసి కలపాలి, జల్లెడ పట్టాలి, తేర్చాలి, ఆరబెట్టాలి. ఈ పనంతా ఇంటి వెనక అతని తల్లి చేస్తోంది. మోచేతుల దాకా బురద. నన్ను గుర్తుపట్టి నవ్వి, వెంటనే ఫిర్యాదు మొదలుపెట్టింది. ఈ ఊరి రోకళ్ళ చప్పుడును 1996లో జపాన్ ప్రభుత్వం వినదగ్గ వంద ధ్వనుల జాబితాలో చేర్చింది. అప్పటినుంచి మైకులు పట్టుకుని వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. ఈమధ్య ఒకాయన, తొట్టి కలుపుతున్న చప్పుడు రికార్డింగులో పడుతోంది, కాసేపు ఆపమన్నాడట. ఆపావా అంటే, ఆపానంది. తప్పుతుందా మరి, అతిథి కదా.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఒంటాకు మర్యాదలకేం లోటు లేదు. 1931లో జానపద కళల ఉద్యమకారుడు యనగి సోయెత్సు వచ్చి, రైతుల ఊరగాయ జాడీల్లో, నీళ్ళ కుండల్లో ఉన్న అందాన్ని లోకానికి చెప్పాడు. 1954లో ఇంగ్లండు కుమ్మరి బెర్నార్డ్ లీచ్ వచ్చి ఉండి పనిచేసి వెళ్ళాడు. 1995లో ఇక్కడి పనితనాన్ని ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించారు. కుండ అడుగున చేసినవాడి పేరు వెయ్యరు, ఊరి ముద్ర ఒక్కటే. దాన్ని అందరూ వినయం అని మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకున్నాను. కానీ పేరు వద్దనుకోవాలన్నా ముందు పేరంటూ ఉండాలి కదా. సారె మీద కూర్చునేవాడికి అది ఉంది, చూడవచ్చిన వాళ్ళందరికీ తెలుసు. తొట్టి దగ్గర మనిషికి వదులుకోవడానికైనా లేదు. మన కుమ్మరి వాడల్లోనూ అంతే, మట్టి పిసకడం ఆడవాళ్ళ వాటా, సారె మగవాళ్ళది.

ఆమె అసలు దిగులు పేరు గురించి కాదు, కొండ గురించి. ఇక్కడివాళ్ళు మట్టి కొనరు, పక్క కొండలోదే తవ్వుకుంటారు. రోకలి ఎత్తే నీళ్ళూ ఆ కొండవే, ఆవంలో పెట్టే సుగీ కట్టెలూ అక్కడివే. హితా సుగీకి మంచి కలపగా పేరు. యుద్ధం తర్వాత ఇంకా విపరీతంగా నాటారు. 1964లో కలప దిగుమతులకు తలుపులు తెరిచారు, రానురాను ఇక్కడి చెట్టు కొట్టినా కూలి గిట్టని రోజులొచ్చాయి. పలచన చేసేవాళ్ళు లేక చెట్లు కిక్కిరిసి సన్నగా ఎదిగాయి, వాటి నీడలో కింద గడ్డి మొలవదు. 2017లో ఆ చెట్లే వేళ్ళతో సహా వాగుల్లోకి వచ్చాయి. మట్టి తవ్వే చోట చరియలు విరిగాయి, కరవుసులు దెబ్బతిన్నాయి. అంత వానకు ఏ అడవైనా జారుతుందనేవాళ్ళున్నారు, కొట్టిపారేయలేను. అలాగని దశాబ్దాలపాటు ఎవరూ అడుగుపెట్టని తోటను అడవి అని ఎలా అంటాం?

2008లో ఈ ఊరి చుట్టూ ఉన్న నేలను కూడా సాంస్కృతిక దృశ్యంగా గుర్తించారు. కాగితం మీద కొండకూ మర్యాద దక్కినట్టే. పై వాలులో చెట్లు ఎవరివని అడిగితే ఆమె బురద చేత్తోనే అటూ ఇటూ చూపించింది. ఒక ముక్క ఫుకుఓకాలో ఉండేవాళ్ళదట, ఒక ముక్క పోయిన మనిషి పేరు మీదే ఉందట, వారసులకు హద్దులు కూడా తెలియవట. కొట్టాలంటే వాళ్ళందరి సంతకాలు కావాలి. 2024 నుంచి అడవుల బాగుకని దేశంలో మనిషికి ఏడాదికి 1,000 యెన్‌లు పన్ను వసూలు చేస్తున్నారు. ఆమె కూడా కట్టింది. ఆ డబ్బుతో ఈ వాలు మీదికి రంపం ఎప్పుడొస్తుందో పట్టణంలో ఆఫీసు వాళ్ళను అడిగి చెప్పమంది, నాకు వాళ్ళతో పరిచయం ఉంటుందనుకుని.